భూతల నమూనాలకు నేలే సాక్షి

ఛాయాచిత్రాల నుండి తయారయ్యే భూతల నమూనాల కచ్చితత్వాన్ని నియంత్రణ బిందువులతో పరీక్షించే విధానం – సాలూరు ప్రాంతం దృష్టాంతంగా

(ప్రత్యేక వ్యాసం)

పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరు పట్టణం మైదానమూ మన్యమూ కలిసే చోట ఉన్నది. ఒక వైపు వేగావతి నది పరీవాహకంలో వరి పొలాలు, చెరువులు, జనసమ్మర్దం గల గ్రామాలు ఉన్నవి. మరొక వైపు పాచిపెంట, సాలూరు మండలాల కొండలు ఒడిశాలోని కోరాపుట్ జిల్లా దాకా అంచెలంచెలుగా లేస్తాయి. పూర్వం 43వ నంబరుగా, నేడు 26వ నంబరుగా పిలువబడుతున్న జాతీయ రహదారి ఈ పట్టణం దాటగానే ఘాట్ మలుపులలో ప్రవేశిస్తుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడే వరకు ఈ ప్రాంతం విజయనగరం జిల్లాలో అంతర్భాగంగా ఉండేది.

ఇటువంటి భూభాగంలో ఏ అభివృద్ధి పనికైనా ముందుగా తెలియవలసినది నేల ఎత్తుపల్లాలు. కొండ గ్రామానికి రహదారి వేయాలన్నా, గెడ్డపై కల్వర్టు కట్టాలన్నా, కాలువకు వాలు నిర్ణయించాలన్నా, రైతు పొలం గట్టును పటంపై గుర్తించాలన్నా ఆధారం ఒక్కటే. అది భూతల నమూనా. పూర్వం ఈ వివరాలను సర్వేయర్లు గొలుసు, థియోడలైట్, లెవెల్ యంత్రాలతో అడుగడుగునా కొలిచి సేకరించేవారు. నేడు డ్రోన్లు, విమానాలు, ఉపగ్రహాలు తీసిన ఛాయాచిత్రాల నుండి కంప్యూటర్లు అదే పనిని కొద్ది రోజులలో పూర్తి చేస్తున్నవి. అయితే చూడచక్కని నమూనా సరైన నమూనా కూడా అయి తీరాలన్న నియమం లేదు. దానిలోని ప్రతి అంకెకూ నేలపై సాక్ష్యం ఉండాలి. ఆ సాక్ష్యాన్ని ఎలా సేకరిస్తారు, ఎలా తూకం వేస్తారు, ఫలితాన్ని ఎలా చదవాలి అన్న విషయాలను పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

రెండు చూపుల నుండి ఎత్తు

మనిషి రెండు కళ్ళతో చూచినప్పుడు వస్తువు దూరం తెలిసినట్లే, ఒకే నేలను రెండు వేర్వేరు స్థానాల నుండి ఛాయాచిత్రం తీస్తే దాని ఎత్తు తెలుస్తుంది. రెండు చిత్రాలలోనూ ఒకే రాయిని గుర్తించి, అది ఎంత జరిగినట్లు కనిపిస్తున్నదో కొలిచి, కెమెరా స్థానాలను బట్టి లెక్కకట్టడమే ఛాయాచిత్ర కొలతల విధానం. దీనినే ఫొటోగ్రామెట్రీ అంటారు. డ్రోన్ సర్వేలో ఒక్కొక్క చోటును అనేక చిత్రాలలో కనిపించేటట్లు ఒకదానిపై ఒకటి కప్పుతూ చిత్రాలు తీస్తారు.

మన దేశంలో ఈ విధానానికి పెద్ద మలుపు 2005 మే 5న వచ్చినది. ఆనాడు శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి.-సి6 రాకెట్ ద్వారా ప్రయోగించిన కార్టోశాట్-1 ఉపగ్రహంలో రెండు కెమెరాలు అమర్చారు. ఒకటి ముందుకు 26 డిగ్రీలు, మరొకటి వెనుకకు 5 డిగ్రీలు వంగి ఒకే నేలను రెండు కోణాల నుండి 2.5 మీటర్ల స్పష్టతతో చిత్రించాయి. ఆ చిత్రాల నుండి హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం దేశవ్యాప్త ఎత్తుల నమూనాను రూపొందించినది. కార్టోడెమ్ అనే ఆ నమూనా భువన్ పోర్టల్ ద్వారా లభిస్తున్నది. దానికి నిర్దేశించుకున్న కచ్చితత్వం 90 శాతం స్థాయిలో ఎత్తున 8 మీటర్లు, అడ్డంగా 15 మీటర్లు. వేగావతి, సువర్ణముఖి నదుల పరీవాహక ప్రాంతాలను గుర్తించడానికి అది చక్కగా ఉపకరిస్తుంది. ఒక గెడ్డపై కల్వర్టు మట్టం నిర్ణయించడానికి మాత్రం పనికిరాదు. ఒక పనికి సరిపోయే నమూనా మరొక పనికి సరిపోదన్నది ఇక్కడ గ్రహించవలసిన మొదటి సంగతి.

నేలపై ఆధారం అవసరమెందుకు?

డ్రోన్‌లోని ఉపగ్రహ స్థాన నిర్ణయ పరికరం తాను ఎక్కడ ఉన్నదో చెబుతుంది. సాధారణ పరికరమైతే ఆ స్థానంలో కొన్ని మీటర్ల తేడా ఉండవచ్చు. సవరణ సంకేతాలతో పనిచేసే మేలైన పరికరమైతే తేడా సెంటీమీటర్లకు తగ్గుతుంది. అయినప్పటికీ కెమెరా కటకంలోని స్వల్ప వక్రత, ఎగురుతున్నప్పటి కుదుపులు, చిత్రాల మధ్య పొంతన కుదర్చడంలో దొర్లే పొరపాట్లు నమూనాలోకి ప్రవేశిస్తాయి. ముఖ్యంగా కెమెరాను నిట్టనిలువుగా కిందికి మాత్రమే తిప్పి చిత్రాలు తీసి, నేలపై ఆధారం లేకుండా లెక్క కట్టినప్పుడు చదునైన పొలం కూడా నమూనాలో గిన్నె బోర్లించినట్లు మధ్యలో ఉబ్బి, అంచులలో వంగి కనిపించవచ్చు. కంటికి ఈ లోపం తెలియదు. కాలువ వాలు లెక్కించినప్పుడు మాత్రం నీరు ఎగువకు పారవలసి వస్తుంది.

అందువలన నేలపై కొన్ని చోట్ల స్పష్టంగా కనిపించే గుర్తులు వేసి, వాటి అక్షాంశ, రేఖాంశ, ఎత్తులను వేరుగా కొలిచి, నమూనాను వాటికి కట్టివేస్తారు. ఇవే భూ నియంత్రణ బిందువులు. డేరాను మేకులతో నేలకు బిగించినట్లు ఈ బిందువులు నమూనాను నిజమైన నేలకు బిగిస్తాయి. మేకులన్నీ ఒకే మూల దిగగొడితే డేరా మిగిలిన మూలల్లో ఎగిరిపోతుంది. నియంత్రణ బిందువులను కూడా నాలుగు అంచులలోను, మధ్యలోను, ఎత్తైన చోట్లను, పల్లపు చోట్లను పంచి వేయవలసి ఉంటుంది.

కట్టే బిందువు వేరు, పరీక్షించే బిందువు వేరు

ఈ విషయంలో తరచుగా జరిగే పొరపాటు ఒకటి ఉన్నది. నమూనాను ఏ బిందువులకు బిగించారో, ఆ బిందువుల వద్దనే తేడాను చూపి, అదే నమూనా కచ్చితత్వమని ప్రకటించడం. ముందుగానే ప్రశ్నపత్రం చేతికి వచ్చిన విద్యార్థి మార్కులు అతని చదువును తెలుపవు. నియంత్రణ బిందువుల వద్ద మిగిలిన తేడా కూడా అంతే. అక్కడ సరిపోయేటట్లు నమూనాను ముందే సర్దుబాటు చేశారు కనుక తేడా ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది.

నిజమైన పరీక్షకు వేరే బిందువులు కావాలి. నమూనా తయారీలో ఏ మాత్రమూ వాడకుండా పక్కన ఉంచి, తయారీ ముగిసిన తరువాత మాత్రమే పోల్చి చూచే ఈ గుర్తులను తనిఖీ బిందువులు అంటారు. ప్రతి తనిఖీ బిందువు వద్ద నమూనా చెప్పిన ఎత్తు నుండి నేలపై కొలిచిన ఎత్తును తీసివేస్తే వచ్చేదే అక్కడి దోషం.

తనిఖీ బిందువులు ఎన్ని ఉండాలన్నది మరొక ప్రశ్న. అమెరికా ఛాయాచిత్ర కొలతల, దూరసంవేదన సంఘం 2014లో వెలువరించిన ప్రమాణాలు కనీసం 20 బిందువులు అవసరమన్నాయి. 2023 నాటి రెండవ కూర్పు ఆ సంఖ్యను 30కి పెంచినది. దీనికి గణిత కారణమున్నది. దోషాలు సాధారణ పంపిణీలో ఉన్నవనుకుంటే, 5 బిందువులతో లెక్కించిన కచ్చితత్వపు అంకెలోనే దాదాపు మూడో వంతు అనిశ్చితి ఉంటుంది. 30 బిందువులు ఉన్నప్పుడు అది ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. నాలుగైదు బిందువులతో సరిపెట్టిన నివేదికను తుది మాటగా స్వీకరించరాదనడానికి ఇదే ఆధారం.

అంకెలలో ఒక ఉదాహరణ

లెక్క కట్టే తీరు సులభంగా అర్థమయ్యేందుకు ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకొందాం. పది తనిఖీ బిందువుల వద్ద ఎత్తు దోషాలు సెంటీమీటర్లలో ఇలా వచ్చాయనుకొందాం: +4, –6, +3, +5, –2, +7, –4, +1, –3, +5.

వీటి సగటు +1 సెంటీమీటరు. అంటే నమూనా మొత్తం మీద నేల కంటె ఒక సెంటీమీటరు ఎత్తున కూర్చున్నది. సగటు సున్నాకు దగ్గరగా ఉన్నంత మాత్రాన నమూనా మంచిదని చెప్పలేము. ఎందుకంటే పైకి పోయిన దోషమూ కిందికి పోయిన దోషమూ ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. అందుచేత ప్రతి దోషాన్ని వర్గం చేసి, కూడి, బిందువుల సంఖ్యతో భాగించి, వర్గమూలం కడతారు. పై అంకెల వర్గాల మొత్తం 190. పదితో భాగిస్తే 19. దాని వర్గమూలం సుమారు 4.4 సెంటీమీటర్లు. దీనినే వర్గ మధ్యమ మూల దోషం అంటారు. కచ్చితత్వ నివేదికలలో అధికంగా కనిపించే అంకె ఇదే. దోషాలు సాధారణ పంపిణీలో ఉన్నప్పుడు దీనిని 1.96తో గుణిస్తే 95 శాతం స్థాయి వస్తుంది. ఇక్కడ అది సుమారు 8.5 సెంటీమీటర్లు. కనుక ఒకే నమూనాను ఒకరు "4.4", మరొకరు "8.5" అని ప్రకటించినా ఇద్దరూ నిజమే చెప్పినట్లు. ఏ స్థాయిలో చెప్పారో తెలియని అంకెకు మాత్రం అర్థం లేదు.

ఇప్పుడు పదవ బిందువు జీడిమామిడి తోటలో పడినదనుకొందాం. కెమెరాకు నేల కనిపించక చెట్టు కొమ్మనే నేలగా నమూనా భావించినందున అక్కడి దోషం +5కు బదులు +60 సెంటీమీటర్లు అయినది. మిగిలిన తొమ్మిదీ మారలేదు. అయినా వర్గ మధ్యమ మూల దోషం 4.4 నుండి ఒక్కసారిగా 19.4 సెంటీమీటర్లకు పెరుగుతుంది. మధ్యగతంపై ఆధారపడిన మరొక కొలమానం ఉన్నది. ప్రతి దోషం మధ్యగతం నుండి ఎంత దూరంలో ఉన్నదో చూచి, ఆ దూరాల మధ్యగతాన్ని 1.4826తో గుణిస్తారు. ఈ కొలమానం 5.2 నుండి 6.7కు మాత్రమే మారుతుంది. రెండు అంకెలను పక్కపక్కన ఉంచితే జరిగినదేమిటో అర్థమవుతుంది. నమూనా మొత్తంగా చెడిపోలేదు. ఒక రకపు నేలపై మాత్రం విఫలమైనది.

ఇక్కడ చేయకూడని పని ఒకటి ఉన్నది. ఆ పదవ బిందువును "పొరపాటు" అని కొట్టివేసి, మిగిలిన తొమ్మిదితో మంచి అంకె ప్రకటించడం. ఆ తోట నిజమైన తోట. దాని కింది నేల కూడా ఒక రైతుదే. సరైన పద్ధతి ఫలితాలను నేల రకాన్ని బట్టి విడదీసి ప్రకటించడం. బీడు, రహదారి, కోసిన వరి మడి వంటి తెరిపి నేలకు ఒక అంకె. తోటలు, పొదలు, అడవి ఉన్న నేలకు మరొక అంకె ఇవ్వాలి.

కొండవాలులో పెరిగే దోషం

సాలూరు వంటి చోట వాలు మరొక సమస్య తెస్తుంది. చదును నేలపై నమూనా అడ్డంగా కొద్దిగా జరిగినా ఎత్తులో తేడా రాదు. కొండవాలులో అడ్డపు జరుగుబాటు నేరుగా ఎత్తు దోషంగా మారుతుంది. 30 డిగ్రీల వాలుపై 10 సెంటీమీటర్ల అడ్డపు దోషం సుమారు 5.8 సెంటీమీటర్ల ఎత్తు దోషాన్ని కలిగిస్తుంది. అదే వాలుపై 15 మీటర్ల అడ్డపు దోషం ఉంటే ఎత్తులో 8.7 మీటర్ల తేడా వస్తుంది. కనుక బొబ్బిలి వైపు మైదానంలో పరీక్షించి తెచ్చిన అంకెను పాచిపెంట కొండలకు అన్వయించరాదు.

జాతీయ విధానమే ఈ భేదాన్ని గుర్తించినది. 2022 డిసెంబరు 28న కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జాతీయ భౌగోళిక సమాచార విధానం, 2030 నాటికి దేశమంతటికీ ఎత్తుల నమూనాను మైదానాలలో 25 సెంటీమీటర్ల, కొండ ప్రాంతాలలో 1 నుండి 3 మీటర్ల కచ్చితత్వంతో సిద్ధం చేయాలని లక్ష్యంగా పెట్టుకున్నది. అంతకు ముందు 2021 ఫిబ్రవరి 15 నాటి మార్గదర్శకాలు అడ్డంగా 1 మీటరు, నిలువుగా 3 మీటర్ల హద్దును నిర్ణయించి, అంతకంటె సూక్ష్మమైన సమాచార సేకరణను భారతీయ సంస్థలకు పరిమితం చేశాయి.

ఎత్తు దోషం గట్టును ఎలా కదుపుతుంది?

ఎత్తులతో పని లేని భూ కమతాల సర్వేకు ఈ లెక్కలన్నీ ఎందుకని ప్రశ్న రావచ్చు. సర్వేలో వాడే సరిదిద్దిన ఛాయాపటం, అంటే ఆర్థో చిత్రం, భూతల నమూనా మీదనే తయారవుతుంది. కెమెరా ఏటవాలుగా చూచిన చోట నేల ఎత్తును తప్పుగా లెక్కిస్తే, ఆ చోటు పటంలో పక్కకు జరుగుతుంది. నిలువు నుండి 20 డిగ్రీల ఏటవాలు చూపులో ఎత్తు ఒక మీటరు తప్పితే పటంలో స్థానం సుమారు 36 సెంటీమీటర్లు తప్పుతుంది. 100 మీటర్ల పొడవు గల గట్టు అంత మేర పక్కకు జరిగితే 36 చదరపు మీటర్ల నేల ఒకరి నుండి మరొకరికి పోయినట్లు పటం చూపుతుంది. సెంటు అంటే సుమారు 40.5 చదరపు మీటర్లు. అంటే దాదాపు ఒక సెంటు భూమి. అర ఎకరం చోడి చేనుతో బతికే కుటుంబానికి అది చిన్న విషయం కాదు.

రాష్ట్రంలో 2020 డిసెంబరు 21న ప్రారంభమైన సమగ్ర భూముల రీసర్వేలో డ్రోన్ చిత్రాలు, నిరంతర స్థాన నిర్ణయ కేంద్రాల వ్యవస్థ, రోవర్ పరికరాలు భాగమైనవి. భారత సర్వే సంస్థ సాంకేతిక సహకారం అందించినది. అదే సంవత్సరం ఏప్రిల్ 24న కేంద్రం ఆరంభించిన స్వామిత్వ పథకం గ్రామ నివాస స్థలాలను డ్రోన్ల ద్వారా పటాలకెక్కిస్తున్నది. సాలూరు ప్రాంతానికి జమీందారీ చరిత్ర ఉన్నది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత రైత్వారీ పద్ధతికి మారిన గ్రామాలలో పాత పటానికీ నేటి అనుభవానికీ పొంతన కుదర్చడం సున్నితమైన పని. చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నప్పటికీ, గట్టుపై రైతుల సమక్షంలో జరిగే క్షేత్ర పరిశీలనకు అది ప్రత్యామ్నాయం కాదు.

ఎత్తును ఎక్కడి నుండి కొలుస్తున్నాము?

రోవర్ చూపే ఎత్తు సముద్ర మట్టం నుండి కొలిచిన ఎత్తు కాదు. భూమిని నునుపైన దీర్ఘవృత్త గోళంగా ఊహించి, దాని నుండి కొలిచిన ఎత్తు. నీరు మాత్రం గురుత్వాకర్షణను అనుసరించి పారుతుంది. అందుకు సంబంధించిన మట్టం వేరు. దక్షిణ భారతంలో ఈ రెంటి మధ్య తేడా పదుల మీటర్లలో ఉంటుంది. సవరణ చేయని ఎత్తునూ, బెంచ్ మార్కు ఎత్తునూ ఒకే పట్టికలో కలిపితే అనర్థమే.

మన దేశపు ఎత్తుల కొలతలో ఉత్తరాంధ్రకు పాత బంధుత్వమున్నది. 1858 నుండి 1909 వరకు సాగిన మొదటి జాతీయ మట్టాల కొలతకు ఆధారంగా తీసుకున్న తొమ్మిది రేవులలో విశాఖపట్నం ఒకటి. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ మద్రాసులోని సెయింట్ థామస్ కొండ వద్ద ఆధార రేఖ కొలతతో ఆరంభించిన మహా త్రికోణమితి సర్వేలో, 1860వ దశకంలో విశాఖపట్నం వద్ద కూడా ఒక ఆధార రేఖను కొలిచారు. దూరాన వేసిన త్రికోణాలు నిజమైనవా కావా అని పరీక్షించడానికి ఆనాటి సర్వేయర్లు మధ్యమధ్యన కొత్త ఆధార రేఖలను నేలపై కొలిచి సరిచూచుకొనేవారు. ఉక్కు గొలుసు స్థానంలో ఉపగ్రహం వచ్చినది. సరిచూచుకొనే సూత్రం మారలేదు.

క్షేత్రంలో పాటించవలసినవి

తనిఖీ బిందువు కొలత నమూనా కంటె మెరుగైనదిగా ఉండాలి. వంకర కొలబద్దతో వంకరను పట్టలేము. 10 సెంటీమీటర్ల నమూనాను పరీక్షించే బిందువును కొన్ని సెంటీమీటర్లలోపు కొలవాలి.

గుర్తులు చిత్రంలో అనేక చుక్కల పరిమాణంలో, చుట్టుపక్కల నేలకు భిన్నమైన రంగులో ఉండాలి. గట్టు అంచున, గోడ పక్కన, వాలు విరిగే చోట ఎత్తు తనిఖీ బిందువు వేయరాదు. అక్కడ చిన్న జరుగుబాటు కూడా పెద్ద ఎత్తు దోషంగా కనిపిస్తుంది.

రోవర్ కొలత స్థిరపడిన తరువాతనే నమోదు చేయాలి. చెట్ల కింద, లోయలలో ఆకాశం తక్కువగా కనిపించినప్పుడు పరికరం అంకె చూపుతూనే ఉంటుంది. కాని ఆ అంకె నమ్మదగినది కాకపోవచ్చు. మొబైల్ సిగ్నల్ అందని కొండ గ్రామాలలో సవరణ సంకేతాలు రావు. అటువంటి చోట పరికరాన్ని ఒకే బిందువుపై ఎక్కువ సేపు నిలిపి, తరువాత కార్యాలయంలో లెక్క కట్టే పద్ధతిని అనుసరించాలి.

రెండు మీటర్ల కర్రను 1.8 మీటర్లుగా నమోదు చేస్తే ప్రతి ఎత్తులోను 20 సెంటీమీటర్ల తప్పు వస్తుంది. నియంత్రణ బిందువులను, తనిఖీ బిందువులను ఒకే కర్రతో, ఒకే పొరపాటుతో కొలిస్తే రెండూ చక్కగా ఏకీభవిస్తాయి. తప్పు బయటపడదు. అందుకే కొన్ని తనిఖీ బిందువులనైనా తెలిసిన బెంచ్ మార్కు నుండి లెవెల్ యంత్రంతో వేరుగా కొలవాలి. వేరే బృందం, వేరే దినం, వేరే పరికరం అయితే పరీక్షకు విలువ పెరుగుతుంది.

కాలం కూడా ముఖ్యమే. వరి కోతలు ముగిసి మడులు తెరిపిగా ఉన్నప్పుడు నేల బాగా కనిపిస్తుంది. శీతకాలపు ఉదయాలలో మన్యంలో మంచు, వేసవికి ముందు పోడు తగులబెట్టే రోజులలో పొగ చిత్రాల స్పష్టతను తగ్గిస్తాయి. దట్టమైన అడవిలో ఛాయాచిత్రం చెట్ల నెత్తిని మాత్రమే చూడగలదు. ఆకుల సందులలో నుండి నేలను తాకే కిరణాలతో కొలిచే లైడార్ పద్ధతి అక్కడ మెరుగైనది. దానికీ నేలపై తనిఖీ తప్పదు.

నడక చేరని చోటి మాట

తనిఖీ బిందువులు సహజంగా వాహనం వెళ్ళే చోటనే పడతాయి. రహదారి పక్కన, పాఠశాల ఆవరణలో, పంచాయతీ కార్యాలయం ముందు గుర్తు వేయడం సులభం. రెండు గంటలు కొండెక్కి గుర్తు వేయడం కష్టం. దాని ఫలితం ఏమంటే, రహదారి ఉన్న చోట నమూనా ఎంత బాగున్నదో తెలుస్తుంది. రహదారి లేని చోట ఎలా ఉన్నదో తెలియదు. అయినా నివేదికలో ఒకే అంకె మొత్తం మండలానికి వర్తిస్తుంది.

రహదారి అవసరం ఉన్నది ఆ లేని చోటనే. గర్భిణిని, రోగిని డోలీలో మోసుకొని దిగవలసిన గ్రామాలు ఉత్తరాంధ్ర మన్యంలో ఉన్నవన్నది అందరికీ తెలిసిన విషయమే. ఆ గ్రామానికి వేసే దారి వాలు, మట్టి పని అంచనా, గెడ్డ దాటే చోటు అన్నీ భూతల నమూనా మీదనే మొదట గీస్తారు. పరీక్షించని వాలులో నమూనా మీటర్ల మేర తప్పితే అంచనా వ్యయం తప్పుతుంది. మంజూరైన నిధి చాలదు. పని మధ్యలో ఆగుతుంది. డోలీ మాత్రం ఆగదు. కనుక తనిఖీ బిందువుల ఖర్చును ఆదా చేయదగిన ఖర్చుగా భావించరాదు. నడిచి చేరని చోట కచ్చితత్వాన్ని ప్రకటించకుండా, "పరీక్షింపబడలేదు" అని పటంపైనే గుర్తించడం నిజాయితీ గల పద్ధతి.

ఇంకొక హద్దును కూడా గుర్తుంచుకోవాలి. సాలూరు మండలాన్ని ఆనుకొని ఉన్న కొఠియా గ్రామాల విషయమై ఆంధ్రప్రదేశ్, ఒడిశాల మధ్య వివాదం 1968లోనే సుప్రీంకోర్టుకు చేరినది. నేల ఎక్కడ ఎంత ఎత్తున ఉన్నదో నమూనా చెప్పగలదు. అది ఎవరిదన్నది చెప్పజాలదు. కొలత కచ్చితత్వమూ, చట్టబద్ధ హక్కూ వేర్వేరు విషయాలు.

నివేదిక చదివేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు

"5 సెంటీమీటర్ల కచ్చితత్వం" వంటి ప్రకటన వెలువడినప్పుడు పాత్రికేయులు, దానిని స్వీకరించే అధికారులు ఈ క్రింది విషయాలను తెలుసుకొనవలసి ఉంటుంది.

1. ఆ 5 సెంటీమీటర్లు చిత్రంలోని ఒక్కొక్క చుక్క నేలపై ఆక్రమించే పరిమాణమా, లేక కొలిచి నిర్ధారించిన దోషమా? మొదటిది స్పష్టత మాత్రమే, కచ్చితత్వం కాదు.

2. అది అడ్డపు దోషమా, ఎత్తు దోషమా? ఛాయాచిత్ర నమూనాలలో సాధారణంగా ఎత్తు దోషమే ఎక్కువగా ఉంటుంది.

3. అంకె నియంత్రణ బిందువుల నుండి వచ్చినదా, తయారీలో వాడని తనిఖీ బిందువుల నుండి వచ్చినదా? తనిఖీ బిందువులు ఎన్ని, ఎక్కడ?

4. అది వర్గ మధ్యమ మూల దోషమా, 90 లేక 95 శాతం స్థాయిలోని అంకెనా? సగటు దోషం ఎంత, అన్నిటికంటె పెద్ద దోషం ఎంత?

5. మైదానానికి, వాలుకు, చెట్లున్న నేలకు ఫలితాలను వేరుగా ఇచ్చారా?

6. ఎత్తులు ఏ ఆధార మట్టం నుండి లెక్కించినవి?

7. పరీక్షించిన వారు తయారు చేసిన వారేనా?

ఈ ఏడు ప్రశ్నలకు సమాధానం ఉన్న నివేదికలో దోషం పెద్దదిగా కనిపించినా దానిపై ఆధారపడి పని చేయవచ్చు. ఎంత తప్పవచ్చునో తెలుసు కనుక ఇంజనీరు అందుకు తగిన జాగ్రత్త తీసుకొనగలడు. సమాధానం లేని నివేదికలో అంకె ఎంత చిన్నదైనా దానిపై కట్టిన కల్వర్టుకు, గీసిన గట్టుకు హామీ ఉండదు.

ఆకాశం నుండి వచ్చిన పటానికి చివరి సంతకం నేలపైనే జరగాలి. ఒక గ్రామ సర్వేయరు కొండవాలులో వేసిన తెల్లని గుర్తు, దాని పక్కన నోట్‌బుక్కులో వ్రాసుకొన్న మూడు అంకెలు ఆ సంతకానికి ఆధారం. ఆ గుర్తును వేయడానికి పట్టే సమయాన్ని, శ్రమను ప్రణాళికలోనే కేటాయించినప్పుడు భూతల నమూనా సాలూరు మైదానానికీ, దాని వెనుకనున్న కొండలకూ సమానంగా ఉపయోగపడుతుంది.